కస్తూరి ఆంటీ సంచి ఎక్కడ పెట్టాలి

చేయవలసిన పనులు ఇవి.

అందరి పాస్‌పోర్టులూ తీసి గడువు చూడాలి.
నా ఆఫీసులోనూ ఆయన ఆఫీసులోనూ విదేశం వెళ్ళడానికి అనుమతి కోసం అర్జీలు పెట్టాలి.
సెలవుకి ముందు శని ఆదివారాలు, వెనక శని ఆదివారాలు కలిసొచ్చేలా చూసుకోవాలి.
సాత్విక్ బూట్లు చిన్నవైపోయాయి, కొత్తవి కొనాలి.
అత్తయ్యగారి మోకాలికి పట్టీ, మాత్రలు, డాక్టరు చీటీ.
పెద్ద సూట్‌కేసు చక్రం విరిగింది. కరోల్ బాగ్ తీసుకెళ్ళి వేయించాలి.
వీసాలు.
తులసి కుండీకి ఎవరు నీళ్ళు పోస్తారో అడగాలి.
కస్తూరి ఆంటీ ఇంట్లో పరస్థానం పెట్టాలి.

ఆఖరిది అత్తయ్యగారు చెప్పి రాయించారు. మిగతా పనులన్నీ కాస్త ముందూ వెనకగా అయిపోయాయి. ఆఖరి దాని దగ్గరే చిక్కు వచ్చింది.

నా పేరు ఇంద్రాణి. తణుకు దగ్గర రైసుమిల్లులో పనిచేసిన మా నాన్న పిల్లల్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో ఉద్యోగం. పెద్ద అధికారుల ప్రయాణాల కాగితాలు తయారుచేయడం నా పని. ఏ రోజు ఏ ఊరు, ఏ విమానం, ఎవరు ఎదురొస్తారు, రాత్రి బస ఎక్కడ, అన్నీ ఒక పట్టికలో వేసి పై సంతకానికి పంపుతాను. దాన్ని టూర్ ప్రోగ్రామ్ అంటాం. జెనీవాలో ఏ హోటల్ నుంచి ఏ సమావేశానికి ఎంతసేపు నడవాలో నాకు తెలుసు. జెనీవా మాత్రం తెలియదు.

మా ఆయన భీమారావుగారిదీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమే, లెక్కల విభాగంలో. మా ఇంట్లో సెలవంటే ఎల్‌టీసీ. ఆ పథకంలో టికెట్ల డబ్బు ప్రభుత్వం ఇస్తుంది కాబట్టి కన్యాకుమారి, పోర్ట్ బ్లెయిర్, గువాహటి, శ్రీనగర్ అన్నీ చూశాం. ఆ సదుపాయం దేశం పొలిమేర దాకానే. మేమూ అక్కడికే వెళ్ళి ఆగేవాళ్ళం. వానాకాలంలో ఒక ఆదివారం మా అబ్బాయి సాత్విక్ గోడమీది పటం ముందు నిలబడి, "పాపా, హర్ బార్ బోర్డర్ తక్ జాకే వాపస్ క్యోం ఆతే హై?" అన్నాడు. ప్రతిసారీ సరిహద్దు దాకా వెళ్ళి వెనక్కి ఎందుకొచ్చేస్తామని వాడి ప్రశ్న. వాడు తొమ్మిదో తరగతి. మేం తెలుగులో అడిగితే వాడు హిందీలో చెప్తాడు, అది మా ఇంటి అలవాటు.

ఆయన మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా, "జనవరి సెలవుల్లో దాటేద్దాం" అన్నారు.

ఆ రోజు మా ఇంట్లో అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు. నాలుగు ఊళ్ళు, మనిషికొకటి అని తేల్చారు. ఆయన హనోయి అన్నారు. చిన్నప్పుడు పేపర్లో వియత్నాం యుద్ధం గురించి వాళ్ళ నాన్న పైకి చదివేవారట, ఆ పేరు అప్పటినుంచీ మనసులో ఉండిపోయిందట. నేను డా నాంగ్ అన్నాను. అక్కడ కొండ మీద రెండు పెద్ద రాతి చేతులు ఒక వంతెనని ఎత్తి పట్టుకున్నట్టు ఉంటుంది. ఆ బొమ్మ నా ఆఫీసు కంప్యూటర్ మీద చాలాకాలంగా ఉంది. సాత్విక్ సింగపూర్ అన్నాడు. అత్తయ్యగారు హైమవతిగారైతే అసలు ఆలోచించలేదు. పరదేశంలో అంత పెద్ద విష్ణువు గుడి కట్టారంటే చూడకుండా ఎలా అని అంకోర్ వాట్ అన్నారు. ఆ గుడి కంబోడియాలో సియెం రీప్ అనే ఊరి పక్కన ఉంది.

నేను ఆ వారంలోనే కూర్చుని పట్టిక వేశాను. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. శనివారం ఢిల్లీ నుంచి హనోయి. గురువారం డా నాంగ్. శుక్రవారం సాయంత్రం సియెం రీప్, శనివారం గుడి. సోమవారం సింగపూర్, ఆ గురువారం ఇంటికి. ప్రతి పూటకీ ఎన్నింటికి లేవాలి, ఎన్నింటికి బయల్దేరాలి, రాత్రి బస ఎక్కడ, అన్నీ వేసి మూడు ప్రతులు తీసి పంచాను. సాత్విక్ మొత్తం చదివి, ఇందులో బాత్రూమ్‌కి వెళ్ళడానికి పర్మిషన్ ఎవరివ్వాలి మమ్మీ అన్నాడు హిందీలో. ఆయన మాత్రం శ్రద్ధగా చదివి, "బోర్డింగ్ పాసులు ఎవరూ పారేయకండి" అన్నారు. ఈసారి వాటిని ఎల్‌టీసీ బిల్లుతో సమర్పించక్కర్లేదు కదా అని నేనంటే, అయినా ఉండనీ అన్నారు.

అత్తయ్యగారు తన ప్రతి తీసుకుని పూజగదిలోకి వెళ్ళి, కళ్ళజోడుతో, ఉగాదికి ఊరినుంచి తెప్పించుకున్న పంచాంగంతో తిరిగొచ్చారు.

"హనోయి మనకి ఏ దిక్కురా?" అని మనవణ్ణి అడిగారు.

వాడు ఫోనులో చూసి ఈస్ట్ అన్నాడు.

"శనివారం తూర్పుకి శూల."

శూలంటే తెలియనివాళ్ళకి చెప్తాను. కొన్ని వారాల్లో కొన్ని దిక్కులకి ప్రయాణం మంచిది కాదని మా పెద్దవాళ్ళ నమ్మకం. సోమ శని తూర్పు, మంగళ బుధ ఉత్తరం, గురువారం దక్షిణం, శుక్ర ఆది పడమర. అత్తయ్యగారు నిద్రలో అడిగినా చెప్తారు. ఇంతకాలం మా ప్రయాణాలకి ఒక్క దిక్కే ఉండేది, వెళ్ళిరావడమే. ఇంటికి తిరిగి రావడానికి శూల పట్టింపు లేదు. ఇప్పుడు నాలుగు ఊళ్ళు, నాలుగు దిక్కులు. ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద పటం పరిచి, సాత్విక్ దిక్కు చెప్పడం, ఆవిడ వారం చూడటం, నేను కొట్టేసి మళ్ళీ రాయడం. గురువారం దక్షిణానికి డా నాంగ్ కుదరదు, బుధవారానికి మార్చాం. డా నాంగ్ నుంచి సియెం రీప్ పడమర, శుక్రవారం కుదరదు, శనివారానికి మార్చాం. గుడి ఆదివారానికి జరిగింది. సాత్విక్‌కి ఇదంతా వీడియో గేమ్ కన్నా బాగుంది. "దాదీ, వాట్ అబౌట్ సౌత్ వెస్ట్?" అని అడిగి ఆవిడని ఇరుకున పెట్టాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, మూలలకి ఏది ఎక్కువైతే అదే లెక్క అని తీర్పు చెప్పారు.

బయల్దేరే శనివారం మాత్రం మార్చడానికి వీల్లేదు. సెలవు సోమవారం నుంచి మంజూరైంది, ముందు శని ఆదివారాలు కలుపుకోకపోతే హనోయి సగం పోతుంది. ఆయన, "అమ్మా, అది రూల్" అన్నారు. మా ఇంట్లో రూలుకీ పంచాంగానికీ తగువొస్తే మధ్యవర్తి పరస్థానమే. మంచి రోజున ఒక సంచిలో బట్టలు, కాస్త బియ్యం, పసుపు పెట్టి ఇంకొకరింట్లో ఉంచి వస్తే ప్రయాణం ఆ రోజే మొదలైనట్టు లెక్క. మర్నాడు ఏ వారమైనా ఆ సంచి తీసుకుని వెళ్ళిపోవచ్చు. "ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో పెట్టేది కాదది. మన మంచి కోరే మనిషి ఉండాలి ఆ ఇంట్లో" అంటారు అత్తయ్యగారు. జనక్‌పురిలో మా బ్లాకు తెలుగువాళ్ళందరికీ ఆ మనిషి కస్తూరి ఆంటీ.

ఆంటీ వాళ్ళది గిద్దలూరు వైపు. భర్త సుబేదార్ వెంకటసుబ్బయ్యగారు సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో చేసి రిటైరయ్యి ఇక్కడే ఫ్లాట్ కొనుక్కున్నారు. ఆయన పోయి కొన్నేళ్ళయింది. కూతురు ఘాజియాబాద్‌లో ఉంటుంది, ఆదివారాలు వస్తుంది. ఆంటీ ఇంటి గుమ్మం పక్కన ఒక చెక్క బల్ల ఉంటుంది, అది పరస్థానం సంచులకే. పరీక్షలకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళు, బదిలీ మీద వెళ్ళేవాళ్ళు, అందరి సంచులూ ఆ బల్ల మీద ఒక రాత్రి నిద్ర చేసినవే. ఒకేఒక్కసారి మేం అక్కడ పెట్టకుండా తిరుపతి వెళ్ళాం. అత్తయ్యగారి చెప్పులు పోయాయి. ఇప్పటికీ చెప్తారు.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఆంటీ ఇంటికి వెళ్ళి విషయం చెప్పాను. నా ఉత్సాహం కొద్దీ పట్టిక కూడా తీసి చూపించాను. ఆంటీకి హనోయి వినోదంగా ఉంది, అక్కడ ఇళ్ళ మధ్యనుంచి రైలు పోతుందంటే చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. సియెం రీప్ అనగానే ఆ నవ్వు ఆగింది.

"ఆ అంకోర్ గుడి అక్కడే కదమ్మా?"

అవునన్నాను. ఆవిడ లోపలికి వెళ్ళి గోడమీది ఫోటో ఒకటి తీసుకొచ్చారు. నేను ఎన్నోసార్లు చూసిన ఫోటోనే. నీలం టోపీ పెట్టుకున్న వెంకటసుబ్బయ్యగారు ఏవో రాతిమెట్ల కింద నిలబడి ఉంటారు. అది మన దేశంలో ఏదో కోట అనుకునేదాన్ని. ఎప్పుడూ అడగలేదు.

తొంభైల్లో ఐక్యరాజ్యసమితి తరఫున మన సైనికులు కంబోడియా వెళ్ళారు. వాళ్ళలో ఆయనా ఉన్నారట. ఒక సెలవు రోజు తోటివాళ్ళతో ఆ గుడికి వెళ్ళారు. గుడి మధ్యలో అన్నిటికన్నా ఎత్తైన గోపురాలకి నిటారుగా మెట్లుంటాయి. తోటివాళ్ళంతా ఎక్కారు, ఈయన కిందే ఆగిపోయారు.

"ఇంటికొచ్చినాక చెప్పినాడు. కస్తూరీ, ఇంతదాకా నేను చూసినా, పైన ఇద్దరం కలిసి చూద్దాం అని ఎక్కలేదంటాడు. పిచ్చి మనిషి" అని ఫోటో కొంగుతో తుడిచారు ఆంటీ. "రిటైరైనాక నాకు పాస్‌పోర్టు తీయించినాడు. పోదాం పోదాం అంటానే అయిపోయింది. నా మోకాళ్ళు పట్టేస్తాయని పొద్దున్నే పార్కులో తిప్పేవాడు. ఆ మెట్లకి పనికొస్తాయంట."

ఆంటీ రోజూ తెల్లవారకముందే పార్కులో చుట్లు తిరుగుతారు. చలికాలం పొగమంచులో కూడా శాలువా కప్పుకుని తిరుగుతారు. ఆయన పోయాక ఒక్క వారం ఆగి మళ్ళీ మొదలుపెట్టారు. షుగరనుకున్నాం మేమంతా.

ఆవిడ ఒకటి అడిగారు. గట్టిగా అడగడానికి మొహమాటపడి, నా చేతిలో పట్టికని చూస్తూ అడిగారు.

"ఇంద్రాణమ్మా, దీంట్లో ఇంకొక మనిషికి చోటుంటాదా? ఖర్చు నాది. నేను ఎవరికీ అడ్డం రాను."

ఉంటుందని చెప్పాను. ఇంట్లో అడగకుండానే చెప్పేశాను. మెట్లు దిగుతుంటే నాకు ఒకటే సంతోషం, ఎవరికి ముందు చెప్పాలా అని.

ఆయనా సాత్విక్ వెంటనే సరేనన్నారు. అత్తయ్యగారు మాత్రం బియ్యం ఏరుతున్న పళ్ళెం కింద పెట్టేశారు. ఆంటీ రావడం ఆవిడకి ఇష్టం లేక కాదు. వాళ్ళిద్దరూ వదినా వదినా అనుకుంటూ రోజూ గంట సేపు వాదించుకోకపోతే ఇద్దరికీ తోచదు.

"రావడం బాగానే ఉంది. మరి మన సంచులెక్కడ పెడతాం? ప్రయాణమయ్యే మనిషింట్లో పరస్థానం పెట్టరే. అదీ మనిల్లే అయిపోతుంది."

ఇంకెవరింట్లోనైనా పెడదామన్నారు ఆయన. ఆవిడ ఒప్పుకోలేదు. ఎదురింటివాళ్ళు పంజాబీలు, మంచివాళ్ళే కానీ విషయం అర్థం కాదు. కింద ఇంట్లో వాళ్ళకి మా మంచి కోరే ఓపిక లేదు. విమానాలెక్కి సముద్రాలు దాటేటప్పుడు కస్తూరి గుమ్మంలో సంచి పెట్టకుండా కాలు బయటపెట్టను, కావాలంటే మీరు వెళ్ళిరండి అనేశారు.

రెండు రోజులు అలాగే గడిచింది. నా పట్టిక ముందుకి కదల్లేదు. మూడోరోజు కస్తూరి ఆంటీయే మా ఇంటికి వచ్చారు. ఎవరు చెప్పారో ఏమో, సంగతి తెలిసింది. వచ్చి అత్తయ్యగారి పక్కన మంచం మీద కూర్చుని బియ్యం పళ్ళెం తన ఒళ్ళోకి లాక్కున్నారు.

"వదినా, ఇన్నేళ్ళూ ఊరందరి సంచులూ నా గుమ్మంలో పెట్టుకున్నా. నా సంచి యాడ పెట్టాలని ఎవురన్నా అడిగినారా?"

నవ్వుతూనే అన్నారు. అత్తయ్యగారు నవ్వలేదు. పళ్ళెంలో రాయి ఒకటి కనబడితే తీసి పారేసి అన్నారు, "నీ సంచి మా ఇంట్లో పెట్టు. మాది నీ ఇంట్లో పెడతాం. నీకు నేను, నాకు నువ్వు."

"ఇద్దరం పోయేవాళ్ళమే కద వదినా."

"శుక్రవారం రాత్రికి ఎక్కడివాళ్ళం అక్కడే ఉంటాం కదా. చాలు."

శాస్త్రంలో అలా ఉందా అని ఆయన అడగబోతే నేను చేయి పట్టుకుని ఆపాను.

ఆ తర్వాత అన్నీ పరుగులే. ఆంటీ పాస్‌పోర్టు గడువు ఎప్పుడో అయిపోయింది. నేను ఆఫీసులో అధికారుల కోసం ఎన్ని పాస్‌పోర్టు కాగితాలు నింపానో, ఆంటీ కోసం నింపినప్పుడు అంత జాగ్రత్తగా ఎప్పుడూ నింపలేదు. పోలీసు విచారణకి వచ్చిన కానిస్టేబుల్‌కి ఆంటీ టీతో పాటు మినప సున్నుండలు పెట్టి, కంబోడియా ఎక్కడుందో కూడా చెప్పి పంపారు. పాస్‌పోర్టు పోస్టులో వచ్చిన రోజు సాత్విక్ దాన్ని పట్టుకుని వాళ్ళింటికి మెట్లన్నీ ఒక్క ఊపులో ఎక్కాడు. ఆంటీ దాంట్లో తన ఫోటో చూసి, దొంగదాని మాదిరి ఉండాను అన్నారు. వాడు తెలుగులో, "లేదు ఆంటీ, బాగున్నారు" అన్నాడు. వాడు తనంతట తాను తెలుగులో జవాబు చెప్పడం నేను విన్నది ఎప్పుడోగానీ లేదు.

కరోల్ బాగ్‌లో సూట్‌కేసు చక్రం వేయించుకున్నాం. అత్తయ్యగారూ ఆంటీ ఒకేలాంటి నల్లటి బూట్లు కొనుక్కుని, ఇంటికొచ్చే దారంతా మెట్రోలో ఒకరి కాళ్ళు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. చీరల మీద బూట్లు. ఆ ఆనందం చూడటానికే ఆ ప్రయాణం చేయొచ్చు.

ఢిల్లీ నుంచి పోవడానికీ సింగపూర్ నుంచి రావడానికీ టికెట్లు కొనేశాం. మధ్య ఊళ్ళవి మిగిలాయి. ఒక శనివారం సాయంత్రం అందరం మా బల్ల చుట్టూ చేరాం. సాత్విక్ ల్యాప్‌టాప్ ముందు, ఆయన కార్డు పట్టుకుని, నేను పట్టిక పట్టుకుని, పెద్దవాళ్ళిద్దరూ పకోడీల పళ్ళెంతో. డా నాంగ్ అయింది. సియెం రీప్ టికెట్టు నొక్కబోయే ముందు గుడి వేళలు ఒకసారి చూసుకుందామని నేను ఆ పేజీ తెరిచాను. అచ్చులో ఉన్నది పూర్తిగా చదవకుండా నేను ఏదీ పైకి పంపను.

గుడి అన్ని రోజులూ తెరిచే ఉంటుంది. ఆ పై అంతస్తు మాత్రం బౌద్ధుల పవిత్ర దినాల్లో మూస్తారు. అక్కడ ఇప్పుడు బౌద్ధులే పూజలు చేస్తారు. పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు.

"మనం ఎక్కేది ఆదివారం కదా" అన్నాను.

అత్తయ్యగారు పంచాంగం తీసి వేలితో గీత వెంట వెళ్ళారు. ఆ వేలు ఒకచోట ఆగింది. "ఆదివారం అష్టమి."

ఆ మొదటి పట్టికలో గుడి శనివారమే ఉంది. శనివారం సప్తమి. శూల కోసం మేమే జరిపి అష్టమి మీద పెట్టాం.

సోమవారం కూడా అక్కడే ఉండిపోతే అన్నారు ఆయన. సాత్విక్ వెతికాడు. సోమవారం తప్పితే సింగపూర్‌కి మాకు కుదిరే విమానం మళ్ళీ బుధవారం. గురువారం పొద్దున్నే సింగపూర్ నుంచి ఇంటికి. ఇక ఆ ఊరు విమానాశ్రయంలోంచి చూడటమే. వాడు తెరవైపే చూస్తూ, "ఠీక్ హై. సింగపూర్ కట్ కర్ దో" అన్నాడు. వాడు ఎంచుకున్న ఊరు అదొక్కటే.

ఆంటీ వాడి భుజం మీద చెయ్యి వేశారు.

"పిల్లోడి ఊరు తీసేసి నాకు మెట్లు వద్దయ్యా. కిందనుంచి దణ్ణం పెట్టుకుంటా. ఆయన కూడా కిందనే కదా నిలబడింది."

అని పకోడీ ఒకటి తీసుకుని తినడం మొదలుపెట్టారు. నాకు ఎదురుగా బల్ల కింద ఆవిడ కొత్త నల్ల బూట్లు కనిపిస్తున్నాయి. అలవాటు చేసుకుంటున్నానని ఆ వారమంతా అవే వేసుకు తిరుగుతున్నారు.

అత్తయ్యగారు పంచాంగం మూసేశారు. "శుక్రవారమే పోదాం."

ఆయన ఆశ్చర్యపోయి, "అమ్మా, శుక్రవారం పడమర శూల" అన్నారు.

"నాకు చెప్తావా? గురువారం డా నాంగ్‌లో ఆ హోటలు కింద బల్ల దగ్గర సంచి పెట్టించండి. శుక్రవారం తీసుకుని పోదాం. అదే పరస్థానం."

"దాదీ, ఉసే క్లోక్ రూమ్ కహతే హై" అన్నాడు సాత్విక్.

"ఏదో ఒకటి. సంచి గుమ్మం దాటిందా లేదా?"

నేను ఊరుకుంటే సరిపోయేది. కానీ ఆవిడ చెప్పిన మాట ఆవిడకే గుర్తుచేయడం నా బాధ్యతనిపించింది. మన మంచి కోరే మనిషి ఉండాలన్నారు కదా, హోటల్ వాళ్ళకి మనమెవరం అత్తయ్యగారూ అని అడిగాను.

ఆవిడ నావైపు, ఈ పిల్ల ఇంత చదివి ఏం లాభం అన్నట్టు చూశారు.

"ఇన్నేళ్ళూ ఆ చెక్కబల్లకి దణ్ణం పెట్టామనుకున్నావా? మనిషి ముఖ్యం. కస్తూరి అక్కడే ఉంటుంది. ఆవిడ చేత్తో పెట్టిస్తాం. చాలు."

ఆంటీ చేతిలో పకోడీ అలాగే ఉంది. "వదినా, నాకోసం శూల మీద పోతారా" అన్నారు. అత్తయ్యగారు, పకోడీలు చల్లారిపోతున్నాయి తిను అన్నారు. సాత్విక్ శుక్రవారం విమానం మీద నొక్కేశాడు. టికెట్టు వచ్చేసిందని వాడు అరిస్తే ఎదురింటి పంజాబీ ఆంటీ తలుపు తీసి ఏమైందని అడిగింది. మేమంతా ఒకేసారి చెప్పబోయాం. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు కానీ లోపలికెళ్ళి గజక్ అనే నువ్వుల మిఠాయి డబ్బా తెచ్చింది. తులసి కుండీకి నీళ్ళు తనే పోస్తానంది.

ఆ రాత్రి నేను కొత్త పట్టిక వేయలేదు. పాతదాని మీదే చేత్తో దిద్దాను. ప్రతి రోజుకీ ఉన్న వేళలు చాలావరకు కొట్టేశాను. సియెం రీప్ శనివారం ఎదురుగా 'మెట్లు' అని ఒక్క మాట ఉంచాను.

ఈ రోజు శుక్రవారం. పొద్దున్నే పొగమంచులో మా సంచి ఆంటీ ఇంటికి వెళ్ళింది. బట్టలు, బియ్యం, పసుపు, సాత్విక్ తన వంతుగా వేసిన ఒక చార్జరు. అత్తయ్యగారు తనే మోసుకెళ్ళి ఆ బల్ల మీద పెట్టి, అలవాటు ప్రకారం జాగ్రత్త వదినా అన్నారు. మళ్ళీ ఇద్దరూ నవ్వుకున్నారు. ఆంటీ సంచి మా ఇంటికొచ్చింది. అది సైన్యంవాళ్ళ ఆకుపచ్చ కిట్ బ్యాగు, మీద తెల్ల రంగుతో వెంకటసుబ్బయ్యగారి నంబరు. లోపల ఏముందో మేం చూడలేదు. ఆ ఫోటో ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే ఆంటీ గోడ మీద ఇప్పుడు మేకు ఒక్కటే ఉంది. బ్యాగు మా హాల్లో కిటికీ కింద ఉంది. అత్తయ్యగారు దాని మీద కాస్త పసుపు చల్లి, సాత్విక్‌ని దాన్ని దాటొద్దని హెచ్చరించారు. వాడు ఇవాళంతా చుట్టూ తిరిగే వెళ్తున్నాడు.

రేపు బయల్దేరతాం. వచ్చే శనివారం కస్తూరి ఆంటీ ఆ మెట్ల దగ్గర ఉంటారు. అత్తయ్యగారు కింద, ఫోటోలో వెంకటసుబ్బయ్యగారు నిలబడినచోటే నిలబడి చూస్తారట, తన మోకాళ్ళకి అది చాలట. నేనూ సాత్విక్ ఆంటీ వెనక ఎక్కుతాం.

ఇది మీరు చదివేసరికి ఆ శనివారం వెళ్ళిపోయి ఉండొచ్చు. పర్వాలేదు. ఏ శనివారమైనా సరే, పొద్దున్నే ఎవరైనా శాలువా కప్పుకుని పార్కులో చుట్లు తిరుగుతూ కనబడితే, ఒక్కసారి మా కస్తూరి ఆంటీని తలుచుకోండి. మెట్లు చాలా నిటారుగా ఉంటాయట.